శాసనములను సమీక్షించు అధికారము న్యాయస్థానములకేల?
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదేండ్లపాటు ఒక గ్రామము తన గ్రంథాలయమును నిలుపుకొనుట సామాన్య విషయము కాదు. ఇట్టి శుభసందర్భమున పుస్తకములను విడిచి న్యాయస్థానములను గూర్చి ప్రసంగింప నేలయని కొందరికి తోచవచ్చును. ఒక పత్రిక పాఠకుని చేతికి చేరుటకును న్యాయస్థానమునకును గల సంబంధమును విన్నచో ఆ సందేహము తీరును.

1950 మార్చి 1వ తేదీన మద్రాసు ప్రభుత్వము, బొంబాయినుండి వెలువడుచుండిన ‘క్రాస్ రోడ్స్’ అను ఆంగ్ల వారపత్రిక తన రాష్ట్రములోనికి రారాదని ఉత్తరువు చేసెను. కోస్తా, రాయలసీమ జిల్లాలు నాడు ఆ రాష్ట్రములోనివే. ఉత్తరువునకు ఆధారము 1949లో చేయబడిన ప్రజాశాంతి సంరక్షణ చట్టము. పత్రిక నడుపుచుండిన రమేశ్ థాపర్ సుప్రీంకోర్టు నాశ్రయించెను. మే 26వ తేదీన తీర్పు వెలువడినది. రాజ్యభద్రతకు ముప్పు వంటి కొలది కారణములకే వాక్స్వాతంత్ర్యమును పరిమితము చేయుటకు నాటి రాజ్యాంగము అనుమతించినదనియు, ఈ చట్టము ప్రభుత్వమునకు అంతకు మించిన అధికారము నిచ్చినదనియు, కావున ఆ నిబంధన చెల్లదనియు అధికసంఖ్యాకులైన న్యాయమూర్తులు నిర్ణయించిరి.

ఇచ్చటనే ఒక ప్రశ్న పుట్టుచున్నది. మనము ఓటువేసి పంపిన ప్రతినిధులు చేసిన చట్టమును, మన ఓటుతో పనిలేని కొందరు న్యాయమూర్తులు కొట్టివేయుట ప్రజాస్వామ్యమగునా? ఇది తేలికగా త్రోసివేయదగిన ప్రశ్న కాదు. 1951లో బీహారు భూసంస్కరణ చట్టము చెల్లదని పాట్నా హైకోర్టు తీర్పు చెప్పినది. జమీందారీల రద్దుకై ఎదురుచూచుచున్న రైతునకు ఆ తీర్పు ఎట్లు తోచియుండునో మీకు నేను చెప్పనక్కరలేదు.

అయినను ఆలోచింపుడు. ఇరుగుపొరుగు రైతులకు గట్టు తగాదా వచ్చినచో, గొలుసు పట్టి కొలుచు పనిని ఆ ఇద్దరిలో ఒకరికే అప్పగింతుమా? పౌరుని హక్కు ఎంతవరకు, ప్రభుత్వాధికారము ఎంతవరకు అనునదియు అట్టి గట్టు తగాదాయే. శాసనసభ ప్రజలదే, రాజ్యాంగమును ప్రజల పేర వ్రాయబడినదే. హక్కులను హరించు చట్టము చెల్లదని 13వ అధికరణము చెప్పుచున్నది. హక్కుకు భంగము కలిగినవాడు 32వ అధికరణము ననుసరించి సుప్రీంకోర్టునకును, 226వ అధికరణము ననుసరించి హైకోర్టునకును పోవచ్చును. కంచెయే చేను మేయునపుడు మొర వినువారొకరుండవలెనని పెద్దలు ముందే తలచిరి.

పైగా న్యాయస్థానము మాటయే తుదిమాట యని భ్రమపడరాదు. 1951లో పార్లమెంటు మొదటి రాజ్యాంగ సవరణ చేసి భూసంస్కరణ చట్టములకు రక్షణ కల్పించినది. ఆ సవరణ చెల్లునని సుప్రీంకోర్టు ఆ యేడే అంగీకరించినది. వాక్స్వాతంత్ర్యమును పరిమితము చేయదగిన కారణములలో ప్రజాశాంతిని గూడ ఆ సవరణయే చేర్చినది. కాని ఆ పరిమితులు సమంజసములుగా నుండవలెననియు చెప్పినది. సమంజసమా కాదా యని చూచుపని మరల న్యాయస్థానముదే. సవరణ చేయుటకు సామాన్యమైన ఆధిక్యము చాలదు. కావున న్యాయసమీక్ష ప్రజల నోరు మూయునది కాదు. మరొకమారు ఆలోచించి, బహిరంగముగా, హెచ్చు ఏకాభిప్రాయముతో మాటాడుడని కోరునది.

అయితే ఎన్ని ఎన్నికలు జరిగినను తమ సంఖ్యాబలముచే గెలువజాలనివారి గతి యేమి? 1985లో కేరళలో ముగ్గురు పిల్లలు బడినుండి వెళ్ళగొట్టబడిరి. జాతీయగీతము పాడు వేళ వారు గౌరవముతో లేచి నిలుచుచుండిరి. తమ మతవిశ్వాసము కారణముగా పాడకుండిరి. అంతే. వారికి ఓటు లేదు. వారి మతస్థులు పిడికెడుమంది. 1986లో సుప్రీంకోర్టు వారిని తిరిగి బడిలో చేర్చుకొనవలెనని ఆజ్ఞాపించినది. ఆ తీర్పు వ్రాసినవారు, పూర్వము మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో న్యాయమూర్తిగా పనిచేసిన ఓ. చిన్నప్పరెడ్డిగారు. ఆ పిల్లల మొర నాలకించుటకు ఏ శాసనసభకును అవసరము కలుగలేదు. న్యాయస్థానము తలుపు మాత్రము తెరచియున్నది.

న్యాయమూర్తులు తప్పు చేయరని నేననను. 1976లో, అత్యవసర పరిస్థితి దినములలో, అక్రమముగా నిర్బంధింపబడినవాడు సైతము కోర్టులో మొరపెట్టుకొనజాలడని నలుగురు న్యాయమూర్తులు తీర్పు చెప్పిరి. హెచ్.ఆర్. ఖన్నాగారొక్కరే భిన్నాభిప్రాయము వ్రాసిరి. ప్రాణస్వాతంత్ర్యముల రక్షణను అత్యవసర పరిస్థితిలో గూడ నిలిపివేయరాదని 1978లో 44వ సవరణద్వారా పార్లమెంటే సరిదిద్దినది. 2017లో సుప్రీంకోర్టు ఆ పాత తీర్పును త్రోసివేసినది. మరల, న్యాయమూర్తుల నియామకమునకై చేసిన 99వ సవరణను 2015లో సుప్రీంకోర్టు కొట్టివేసినపుడు, తన గట్టును తానే కొలుచుకొనినదని విమర్శకులు పలికిరి. అదియు ఆలోచింపదగిన మాటయే.

కనుక ఈ అధికారమునకు సమర్థన న్యాయమూర్తుల గొప్పతనము కాదు. వారి చేతిలో ఖజానా లేదు, సైన్యము లేదు. వారికున్నది కారణము చెప్పవలసిన బాధ్యత యొక్కటే. అయితే ఆ కారణములను చదివి, మంచిచెడ్డలను విచారించు పాఠకులు లేనినాడు ఆ బాధ్యతకు బలముండదు. సుప్రీంకోర్టు తీర్పులు కొన్ని నేడు తెలుగులోనికి అనువదింపబడుచున్నవి. ఈ గ్రంథాలయములో పురాణముల ప్రక్కను, నవలల ప్రక్కను భారత రాజ్యాంగము తెలుగు ప్రతి యొకటి, అట్టి తీర్పులు కొన్ని ఉండవలెనని నా మనవి. వారమున కొకసారి ఒకరు చదువగా నలుగురు వినినను చాలును. గట్టురాయి ఎచ్చట నున్నదో ఊరివారందరికిని తెలిసియున్నచో, దానిని రాత్రికి రాత్రి జరుపుట ఎవరికిని సాధ్యము కాదు.