మేలుకొనియున్న శ్రోత

1969 ఆగస్టు 16వ తేదీ రాత్రి, అమెరికాలోని బెథెల్ చెంత ఒక పాడిరైతు పొలములో వుడ్‌స్టాక్ సంగీతోత్సవము జరుగుచుండెను. వచ్చిన జనము నాలుగు లక్షలు. క్రీడెన్స్ క్లియర్‌వాటర్ రివైవల్ బృందము వంతు నడిరేయి దాటినపిదపగాని రాలేదు. అప్పటికి వేదిక ముందరివారు అలసి, బురదలోనే నిద్రించుచుండిరి. దూరమున చీకటిలో ఒక్కడు లైటరు వెలిగించి, తాము తోడున్నామని కేకవేసెననియు, మిగిలిన కచేరీ వానికొరకే పాడితిననియు గాయకుడు జాన్ ఫోగర్టీ పిమ్మట చెప్పెను. ఆ కచేరీ 2019లో పూర్తిగా రికార్డు రూపమున వెలువడినది. వినుచుండగా, నిద్రించు సభకు పాడినట్లు తోచదు.

మైక్రోఫోను ముందు కూర్చుండు మాకును మీ ముఖములు కానరావు. ఎచ్చటనో ఒక ఇంట ఒకరు మేలుకొని వినుచున్నారను నమ్మకమే మాచేత మాటాడించుచున్నది.