నడివయస్సున దేహపరిశ్రమము, మితాహారము



విద్యానిధిని గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు పెద్దలు ప్రసంగించిన పిమ్మట పొట్టను గూర్చి మాటలాడు పని నాకు లభించినది. భోజనమున కింకను అరగంట వ్యవధి యున్నది గనుక మీరు నన్ను సహింతురని నమ్ముచున్నాను.

నలువది దాటిన మనవారి నొక్కమారు చూడుడు. మన తాతలు సంతలకు కాలినడకను బోయి మూటలు మోసినవారు. మనము అంగడి గద్దెమీదను, కచేరి కుర్చీమీదను, కారులోను కూర్చుండియే ప్రొద్దు పుచ్చుచున్నాము. వృత్తి మారినది గాని విస్తరి మారలేదు. పైగా పొట్ట మనలో కలిమికి గురుతు. అల్లుడు ఒళ్ళు చేసినాడనుట మెచ్చుకోలే గదా! చరకసంహిత మాత్రము అతికృశునితోపాటు అతిస్థూలుని గూడ నింద్యులగు ఎనమండుగురిలో జేర్చినది. 2023వ సంవత్సరమున ప్రకటింపబడిన భారత వైద్య పరిశోధన మండలివారి పరిశీలన ననుసరించి, మన దేశమున మధుమేహము గలవారు పదికోట్లకు పైబడియున్నారు. పెద్దలలో నూటికి 39 మందికి ఉదరస్థౌల్యము గలదు. పురుషులకు నడుము కొలత 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు మించిన జాగ్రత్త పడవలయును. దీనికి దర్జీవాని టేపు చాలును.

"వయస్సు మీరిన జఠరాగ్ని మందగించును, ఏమి చేయగలము?" అని పలువురందురు. 2021లో 29 దేశములకు చెందిన 6,400 మందికి పైగా జనుల శక్తివ్యయమును గణించి శాస్త్రజ్ఞు లొక సంగతి తేల్చిరి. దేహపరిమాణమును లెక్కలోనికి దీసికొన్నచో, ఇరువదవ యేటినుండి అరువదవ యేటివరకు ఆ వ్యయము దాదాపు స్థిరముగనే యుండును. కావున తప్పు అగ్నిది గాదు. కదలిక తగ్గినది, కండ తరిగినది, తిండి మాత్రము పూర్వమువలెనే సాగుచున్నది.

కదలిక మహిమ తెలియగోరువారికి లండను నగరపు బస్సుల కథ చాలును. 1953లో మారిస్ అను వైద్యుడు ప్రకటించిన పరిశీలనలో, కూర్చుండి బండి తోలువారికంటె, రెండంతస్తుల బస్సులో మెట్లెక్కుచు దిగుచు టిక్కెట్లిచ్చు కండక్టర్లకు గుండెజబ్బు తక్కువగా నుండెను. ఒకే కొలువు, ఒకే బండి. భేదము మెట్లలోనే యున్నది.

ప్రపంచ ఆరోగ్యసంస్థవారు వారమునకు కనీసము 150 నిమిషముల నడకవంటి శ్రమయు, రెండు దినములు కండరములకు బలమునిచ్చు పనియు జెప్పుచున్నారు. మొదటి దినముననే పరుగిడనక్కరలేదు. పది నిమిషములతో నారంభించి వారమువారము పెంచుకొనుడు. కుర్చీనుండి చేతుల యూత లేక పదిమార్లు లేచి కూర్చుండుటయు వ్యాయామమే. రొమ్మునొప్పి, ఆయాసము గలవారును, మధుమేహమునకు మందులు వాడువారును ముందుగా వైద్యుని యనుమతి గైకొనవలయును.

అయితే నడకనే నమ్ముకొని నేతిగిన్నె దగ్గరకు జరుపుకొనువారికి లెక్క చెప్పెదను. డెబ్బది కిలోల మనుష్యుడు అరగంట వడిగా నడచిన సుమారు 140 కాలరీలు ఖర్చగును. మూడు చిన్నచెంచాల నేతిలో దాదాపు అంతయే యున్నది! బరువు తగ్గుట ముఖ్యముగా విస్తరిలోనే యున్నది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 2024లో ప్రకటించిన సూత్రములలో, దినమునకు 2,000 కాలరీల భోజనమునకు ధాన్యములు 250 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములుగా నున్నవి. మన యిండ్లలో నీ లెక్క తలక్రిందులు. అన్నము కొండంత, కూర గోరంత, ఆ కూరయు వేపుడే. కూరను, పప్పును ముందు వడ్డించి, రెండవమారు అన్నము పెట్టకున్న సగము పని యగును. జొన్నరొట్టెయు, రాగిసంకటియు మంచివే. కాని చిరుధాన్యమను పేరు చెప్పి నాలుగు రొట్టెలు తినువాడు చిక్కడు. మారుమారు వడ్డించుట మర్యాద యనెడి మన ఆచారము నిచ్చట కొంచెము సడలింపక తప్పదు.

ఇక స్త్రీలమాట. అందరకు వడ్డించి, మిగిలినది పారవేయ మనసొప్పక తినువా రామెలే. తెల్లవారుజామున వీథిలో నొంటరిగా నడచుటకు జంకువారును వారే. వారికి ఉపదేశములు పనికిరావు, చోటు కావలయును. మన సంఘమువారి కల్యాణమండపము ముహూర్తములు లేని దినములలో తాళము వేసియే యున్నది. ఉదయము అయిదున్నర మొదలు ఏడు గంటలవరకు దానిని స్త్రీలకు విడిచిపెట్టుడని పోషకులను వేడుచున్నాను. వసతిగృహపు పిల్లలకును సాయంకాలము వేయించిన తినుబండారములకు బదులు శనగలు పెట్టించుడు.

ఒక్క మాట. రెండు నెలలు నడచి, త్రాసు కదలలేదని మానువారు పెక్కుమంది. 2006లో ప్రకటింపబడిన భారత మధుమేహ నివారణ పరిశీలనలో, మధుమేహపు అంచుననున్నవారు నడకను, ఆహారనియమమును మూడేండ్లు పాటింపగా, బరువు చెప్పుకోదగినంత తగ్గకున్నను వ్యాధి సోకుట నూటికి 28 వంతులు తగ్గెను. కావున త్రాసును నెలకొకమారు చూచిన చాలును.

మండపపు తాళపుచెవి ఎవరియొద్ద నుంచవలయునో నేటి సాయంకాలపు కార్యనిర్వాహకసభలో కార్యదర్శిగారు నిర్ణయింతురు గాక. పేర్లు వ్రాసికొనుటకు పుస్తకమును నేను తెచ్చియేయున్నాను; భోజనశాల ద్వారముకడ నుంచెదను.