చలి తాకితే దద్దుర్లు

గోదావరిఖనిలో పుష్యమాసపు చలి. సెకండ్ షిఫ్ట్ దిగి అర్ధరాత్రి బండి మీద ఇంటికి బయలుదేరిన కార్మికుడికి, బొగ్గుబావిలో పట్టిన చెమట ఆరకముందే చల్లగాలి తగులుతుంది. కొందరికి అప్పుడే మొహం, చేతులు ఎర్రగా దద్దుర్లు లేచి దురద పెడతాయి. బొగ్గు దుమ్ము పడలేదనుకుంటారు. కానీ కారణం చలే కావచ్చు. ఇలా చలికి దద్దుర్లు లేవడాన్ని కోల్డ్ అర్టికేరియా అంటారు. ఒళ్లు వెచ్చబడ్డాక సాధారణంగా గంట రెండు గంటల్లో అణుగుతాయి. ఐస్‌క్రీమ్ తింటే పెదాలు వాచేవాళ్లూ ఉన్నారు.

ఇది అవునో కాదో చూడటానికి డాక్టరు ముంజేతి మీద 5 నిమిషాలు ఐసు ముక్క పెట్టి తీస్తారు. కాసేపటికి అక్కడ దద్దు లేస్తే సంగతి తేలినట్టే. చాలామందికి యాంటీహిస్టమిన్ మాత్రలు పనిచేస్తాయి. మత్తు తెచ్చే రకం వేసుకుని డంపర్ మాత్రం నడపకూడదు. ఈ సమస్య ఉన్నవాళ్లకు చలికాలం గోదావరిలో మునక ఇంకా ప్రమాదం: ఒళ్లంతా దద్దుర్లు లేచి, బీపీ పడిపోయి, నీళ్లలోనే స్పృహ తప్పవచ్చు.