గోదావరి ఒడ్డున సముద్రతీరపు పాఠము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో ఒక విద్యార్థి చేసిన ప్రసంగము)



వేసవి సెలవులలో కాకినాడ ప్రాంతపు సముద్రతీరమున ప్రకృతి సంరక్షణమందు నేను పొందిన శిక్షణను గూర్చి చెప్పుమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించిరి. సముద్రమునకు ఇంత దూరమున నున్న మనకు దానితో నేమి పని యని కొందరికి తోచవచ్చును. ఆ ప్రశ్నకు సమాధానమే ఈ ప్రసంగము.

త్ర్యంబకమున పుట్టిన గోదావరి బాసర, ధర్మపురి, మంథని, కాళేశ్వరములను దాటి, 1,465 కిలోమీటర్లు నడచి సముద్రమును చేరును. అచ్చటి కోరంగి మడ అడవులు 1978లో అభయారణ్యముగా ప్రకటింపబడినవి. మడచెట్ల వ్రేళ్లు ఒండ్రును పట్టి నిలుపును. చేపపిల్లలకు, రొయ్యపిల్లలకు ఆశ్రయమిచ్చును. తుఫాను అలల ఉద్ధృతిని తగ్గించును. ఆ ఒండ్రులో మన ఒడ్డుల మట్టియు కలదు.

ఆ తీరమునకు ఆలివ్ రిడ్లే యను సముద్రపు తాబేళ్లు వచ్చి, ఇసుకలో గుంట త్రవ్వి, ఇంచుమించు నూరేసి గ్రుడ్లు పెట్టును. కుక్కలు, నక్కలు తినకుండ ఆ గ్రుడ్లను కంచె కట్టిన చోటికి చేర్చి, మరల ఇసుకలో పూడ్చి కాపాడుదురు. నలువదియైదు మొదలు అరువది దినములలో పిల్లలు వెలువడును. పిల్ల ఆడదగునో మగదగునో నిర్ణయించునది ఆ ఇసుక వేడిమియే. నేను వెళ్లునప్పటికి గ్రుడ్లు పెట్టు కాలము ముగిసినది. కంచెను కాచుట, వెలువడిన పిల్లలను లెక్కించుట, వానిని సముద్రమున విడుచుట నా పని. ప్రతి గుంటకును తేదీ, సంఖ్య వ్రాసిన పుస్తకమే అచ్చట ముఖ్యమైన పనిముట్టు.

అయ్యలారా! మన మంథని దగ్గరి శివారం అభయారణ్యము మంచినీటి మొసళ్లకు నెలవు. మొసలియు వేసవిలోనే, ఇసుక ఒడ్డుననే గ్రుడ్లు పెట్టును. దాని పిల్లల లింగభేదమును కూడ ఇసుక వేడిమియే నిర్ణయించును. ఒడ్డు త్రవ్వి ఇసుకను లారీల కెత్తినచో గూడు నశించును. నీటిమట్టము హఠాత్తుగా పెరిగినచో మునుగును.

నదిపై జలాశయములు పెరిగినకొలది సముద్రమునకు చేరు ఒండ్రు తగ్గినదనియు, అందుచే డెల్టా అంచు కోతకు గురియగుచున్నదనియు శాస్త్రజ్ఞులు కనుగొనిరి. 1963లో శంకుస్థాపన జరిగిన పోచంపాడు ప్రాజెక్టు నీటితో మన పొలములు పండుచున్నవి. దానిని నిందించుట నా ఉద్దేశము కాదు. కాని మిగిలిన ఇసుకను గూడ మితిమీరి తరలించినచో, ఇచ్చట మొసలికిని, మన బావులలోని ఊటకును, అచ్చట తీరవాసులకును నష్టమే.

కావున నాదొక విన్నపము. వచ్చు వేసవినుండి మన గ్రంథాలయమున నొక నదీ పుస్తకమును తెరువుడు. మొసళ్లు ఎచ్చట కనబడినవి, ఏ ఇసుకమేట ఎంత తరిగినది, నీరు ఎప్పుడు హెచ్చినది – వీనిని తేదీలతో యువకులు వ్రాయవలెను. తల్లిమొసలి గూటిని కాచుచుండును గనుక దగ్గరకు పోరాదు. దూరమునుండి చూచినచో చాలును. చేపలు పట్టువారికి నది సంగతి మాకంటె బాగుగా తెలియును, వారినడిగి వ్రాయుదము. ఏటేట ఒక ప్రతిని అటవీశాఖవారికి పంపుదము. "ఇసుక తరుగుచున్నది" అని మనము నోటితో చెప్పినచో వినువారు తక్కువ. అయిదేండ్ల లెక్క చూపినచో కాదనువారుండరు.

ఇరువదియైదేండ్లు పుస్తకములను భద్రపరచిన ఈ సంస్థకు ఇది భారము కాదని నా నమ్మకము. మొదటి వేసవి లెక్క వ్రాయు బాధ్యతను నేనును నా మిత్రులును వహింతుము. పెద్దలు అనుమతింప ప్రార్థించుచు, సెలవు తీసికొనుచున్నాను.