ఆంగ్లోపాధ్యాయులు కాగోరువారికి భాషాతత్త్వ జ్ఞానము
(వార్షిక మహాసభయందు గావించిన ఉపన్యాసము)



మన సంఘపు విద్యార్థివేతనములతో చదువుకొనుచున్న యువతీయువకులలో ఆంగ్లబోధనమును వృత్తిగా గైకొనగోరువారు పలువురు కలరు. వారి నుద్దేశించి నాలుగు మాటలు చెప్పుడని కార్యనిర్వాహకులు మమ్ము కోరిరి. మేము జీవితమంతయు పాఠశాలలో గడపినవారము. సంస్కృతము మా మొదటి విద్య. ఆ విద్యయే ఆంగ్లబోధనమునకును మాకు దారి చూపినది గావున, ఆ దారినే మీకు నివేదింతుము.

ఇంట ఆంగ్లము వినని బాలునకు ఉపాధ్యాయుని నోరే ఆంగ్లదేశము. ఆ నోట తప్పు వెలువడినచో దిద్దువారు వేరొకరు లేరు. సంపన్నుని బిడ్డ దానిని మరియొకచోట దిద్దుకొనగలడు. కూలివాని బిడ్డ దానినే జీవితాంతము మోయును. ఉద్యోగార్థియై పెద్దల యెదుట నిలిచిన దినమున నవ్వులపాలగువాడును వాడే. కావున ఉపాధ్యాయునకు వ్యాకరణజ్ఞానము అలంకారము గాదు, తీర్పవలసిన ఋణము.

మొదట నొక చిన్న సూత్రమును జూతము. అచ్చునకు ముందు ‘ఆన్’, హల్లునకు ముందు ‘ఎ’ అని పిల్లలచే వల్లె వేయింతురు. అచ్చులనగా అయిదక్షరములని చెప్పుటతోడనే చిక్కు పుట్టును. ‘యూనివర్సిటీ’ అచ్చక్షరముతో వ్రాయబడినను యకారధ్వనితో పలుకబడును. కావున ‘ఎ యూనివర్సిటీ’. ‘అవర్’ అను పదమున మొదట హకారపు లిపి యున్నను అది పలుకదు. కావున ‘ఆన్ అవర్’. సూత్రము ధ్వనికే గాని లిపికి గాదు. మన శిక్షాశాస్త్రమంతయు ఈ ధ్వనివిచారమే గదా!

ఇక బహువచన ప్రత్యయము. వ్రాతలో సకారమొక్కటే, పలుకుబడి మూడు విధములు. ‘క్యాట్స్’ నందు శ్వాసరూపము, ‘డాగ్‌జ్’ నందు నాదరూపము, ‘బస్’, ‘చర్చ్’ వంటి పదములపై ‘ఇజ్’. వాక్ అను పదము దానముతో గూడి వాగ్దానమైనట్లే, ఇచ్చటను ఒక వర్ణము తన పొరుగువర్ణము ననుసరించుచున్నది. భేదమొక్కటే: వాగ్దానమున పరవర్ణము పూర్వవర్ణమును మార్చినది, ఆంగ్లమున పూర్వవర్ణము ప్రత్యయమును మార్చుచున్నది. ఈ మర్మమెరిగిన గురువు ఒక్క గడియలో చెప్పగలదానిని, ఎరుగనివాడు ఏడాది వల్లె వేయించినను చెప్పజాలడు.

త్వష్ట చేసిన యాగమున ‘ఇంద్రశత్రు’ శబ్దమునకు స్వరము తప్పి ఫలము తారుమారైన కథ పెద్దలెల్ల నెరుగుదురు. ఆంగ్లమునను ఊనిక స్థానము మారిన పదస్వభావము మారును. ‘రికార్డ్’ అను పదము మొదటి భాగమున ఊది పలికిన నామము; రెండవ భాగమున ఊది పలికిన క్రియ.

బాలుని దండించుటకు ముందు తప్పు పుట్టినచోటు వెదుకవలయును. పదాదియందలి ఎకారమునకు యకారమును, ఒకారమునకు వకారమును చేర్చుట తెలుగువాని నాలుకకు సహజము. అందుచే ‘ఎగ్’ ‘యెగ్’ అగును, ‘ఓన్లీ’ ‘వోన్లీ’ అగును. ‘స్కూలు’ ‘ఇస్కూలు’ అగుటయు ఇట్టిదే. తనకు ఇద్దరన్నలు కలరని చెప్పబోయి ‘ఐ యామ్ హావింగ్’ అనువాడు, స్వామ్యమును దెలుపునపుడు ఆ క్రియకు ప్రామాణికాంగ్లమున ‘ఇంగ్’ రూపము చెల్లదని యెరుగడు. ఇది బుద్ధిమాంద్యము గాదు. కారణమెరిగిన గురువు రెండు భాషలను ప్రక్కప్రక్కన నిలిపి చూపును. ఎరుగనివాడు బెత్తము చూపును.

ఆంగ్లేయులును చిరకాలము తమ భాషను లాటిన్ వ్యాకరణపు కొలతతోనే కొలిచిరి. 1762లో వెలువడిన రాబర్ట్ లౌత్ గారి వ్యాకరణము మహాకవుల వాక్యములలో సైతము తప్పులు పట్టినది. 1786లో కలకత్తాయందు సర్ విలియం జోన్స్ సంస్కృత, గ్రీకు, లాటిన్ భాషలకు ఒకే మూలముండవలయునని పలికెను. 1816లో ఎల్లిస్ దొర తెలుగు, తమిళము, కన్నడములు వేరొక కుటుంబమునకు జెందినవని చూపెను. 1933లో అమెరికా పండితుడు బ్లూమ్‌ఫీల్డ్ తన గ్రంథమున పాణినీయమును మిక్కిలి కొనియాడెను. ఈ చరిత్రము మనకేల యందురా? ఆంగ్లమున క్రియ వాక్యమధ్యమున నుండును, తెలుగున తుద నుండును. వారి సంబంధపదములు నామమునకు ముందు, మన విభక్తులు వెనుక. పిల్లవాడు దాటవలసిన ఏరు ఎంత వెడల్పో తెలిసినవాడే పడవ నడుపగలడు.

పోషకులకు మా విన్నపము రెండు విధములు. వసతిగృహ గ్రంథాలయమున ధ్వనులను దెలుపు మంచి ఉచ్చారణ నిఘంటువును, తెలుగు వ్యాకరణమును ఒకే బీరువాలో నుంచుడు. వేసవి సెలవులలో ఒక నెల ఈ శాస్త్రమెరిగినవారిచే తరగతి నడిపింపుడు. హైదరాబాదున 1958లో ఆంగ్లబోధనమునకై స్థాపింపబడిన సంస్థ నేడు విశ్వవిద్యాలయమై యున్నది. అచ్చట చదువగోరు పేదవానికి దారిఖర్చైన నిండు.

యువకులారా! ఆంగ్లము నేర్పుటకు తెలుగు మరువనక్కరలేదు. తెలుగును బాగుగ నెరిగినవాడే ఆంగ్లమును బాగుగ నేర్పును. మీ తరగతిలో చివరి బల్లపై కూర్చున్న బిడ్డ భయములేక నోరు విప్పు దినమున మన సంఘము వెచ్చించిన ధనము సార్థకమగునని విన్నవించుచు విరమించుచున్నాము.