విద్యావతులైన కన్యలు – దేహచింత
(చీరాల వార్షిక మహాసభయందు చేసిన ప్రసంగము)



స్త్రీలకు చదువు వలయునా యను వాదము మనలో ఏనాడో ముగిసినది. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1874లో ధవళేశ్వరమున బాలికా పాఠశాలను నెలకొల్పిరి. ఉన్నవ దంపతులు 1922లో గుంటూరున శారదానికేతనమును స్థాపించిరి. నేడు చీరాల వీథులలో ఉదయమున కళాశాలకేగు కన్యలకు కొదువ లేదు. చదువు వచ్చినది గాని, వారిని చూచు మన చూపు మాఱలేదు.

నేనెఱిగిన యొక బాలిక నేతవారింట పుట్టి పట్టపరీక్షకు చదువుచుండెను. తెల్లవాఱుజామున కండెలు చుట్టి, వంటలో తల్లికి తోడ్పడి, పిమ్మట కళాశాలకు పోవును. ఆమె యన్నకు ఆ నియమము లేదు. పెండ్లిచూపులకు వచ్చినవారు "పిల్ల నలుపు, కొంచెము లావు" అని లేచిపోయిరి. నాటినుండి ఆమె రాత్రి భోజనము మానెను. రెండు మాసములకు తరగతిలో సొమ్మసిల్లి పడెను. వైద్యులు రక్తహీనత యనిరి.

ఇది యొక్క యింటి మాట కాదు. 2019–21 జాతీయ కుటుంబారోగ్య సర్వేలో మన రాష్ట్రమున 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి సుమారు 59 మందికి రక్తహీనత యున్నట్లు తేలినది. ఇట్టి దేశమున కన్యలు సన్నబడుటకై పస్తులుండుట యెంత ప్రమాదము!

మన పూర్వులకు నలుపు దోషము కాదు. ద్రౌపదికి కృష్ణ యను పేరు మేనిచాయవలననే కలిగినది. ఆమె స్వయంవరమునకు రాజలోకమంతయు తరలివచ్చినది. బలమును స్త్రీకి దోషము కాదు. శ్రీకాకుళపు బిడ్డ కరణం మల్లేశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్సున మొత్తము 240 కిలోల బరువెత్తి కాంస్యపతకము గెలిచెను. ఆ భుజములు సన్నగా నుండవలెనని ఇంటివారు పట్టుబట్టియుండిన, ఆ పతకము మనకు దక్కెడిదా?

ఇక నా తప్పు చెప్పుకొందును. ఆ పెండ్లిచూపులవారు చేతబట్టుకొని వచ్చినది మన వధూవరుల పట్టిక. దానిని వ్రాసినవాడను నేనే. వరునకు చదువు, జీతము అను గడులు గీచి, వధువునకు రంగు, ఒడ్డుపొడవు అను గడులు గీచితిని. 1975లో వెలసిన ఫెయిర్ అండ్ లవ్లీ లేపనమువారు సయితము 2020లో "ఫెయిర్" అను మాటను తమ పేరునుండి తొలగించిరి. వర్తకులు సిగ్గుపడిన మాటను మనము దాచుకొనుట తగునా?

కావున నాదొక్కటే విన్నపము. ఈ యేటి పట్టికలో ఆ గడులు కొట్టివేయుడు. వానికి మాఱుగా "కన్య అభిలాష" అను గడి యుంచుడు. దానిని కన్యయే స్వహస్తముతో నింపవలెను. ఆ బాలిక నేడు కోలుకొని మరల చదువుచున్నది. తొలి వ్రాత ఆమెదే యగుగాక!