కారు కుళాయి, పూడిన తూము: మన చేతిలోని పని
(గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



నేడు మేము మీతో ముచ్చటింపనున్న విషయము చాల చిన్నదిగ తోచవచ్చును. ఇంటిలో కారుచున్న కుళాయిని, పూడిపోయిన తూమును ఎవరికి వారే బాగుచేసికొనుట ఎట్లు అన్నదే ఆ విషయము. కాని దీనిని నిర్లక్ష్యము చేసినందువలన కలుగు కీడు చిన్నది కాదు.

2016లో తెలంగాణమున మిషన్ భగీరథ, 2019లో దేశమంతటికిని జల్ జీవన్ మిషన్ ప్రారంభమైనవి. మనిషికి రోజునకు 55 లీటర్ల మంచినీరు ఇంటిలోనే అందవలెనన్నది జల్ జీవన్ మిషన్ పెట్టుకొన్న కొలత. బిందె చంకనెత్తుకొని బావికి పోవు శ్రమ ఎన్నో ఇండ్లకు తప్పినది. అయితే నీటితోపాటు ఒక బాధ్యతయు ఇంటికి వచ్చినది. బావినుండి మోసికొని తెచ్చిన నీటిని ఎవరును నేలపాలు చేయరు. కుళాయి నీరు కారుచున్నను చూచి ఊరకుందుము.

ఒక లెక్క చూడుడు. ఇరువది చుక్కలు సుమారొక మిల్లీలీటరు. మిద్దెమీది తొట్టికి కలిపిన కుళాయి సెకనునకొక చుక్క చొప్పున కారినచో, రోజునకు 4 లీటర్లకు పైగా పోవును. ఊరిలో ఇట్టి కుళాయిలు 200 ఉన్నచో, పదునైదుగురికి చాలు నీరు ప్రతిదినము మురుగులో కలియుచున్నదన్నమాట.

ఇంతకంటె పెద్ద ప్రమాదము వేరొకటి కలదు. మన గ్రామములలో పెక్కింట నీరు రోజంతయు రాదు. కొంతసేపు మాత్రమే వదలుదురు. నీరు వచ్చుచున్నంతసేపు గొట్టములో ఒత్తిడి యుండును గనుక, చిల్లునుండి నీరు వెలుపలికి పోవును. నీరు కట్టివేసిన పిదప ఒత్తిడి తగ్గును. అప్పుడు ఆ చిల్లే చుట్టునున్న మురుగును లోపలికి పీల్చుకొను ద్వారమగును. మరునాటి ఉదయము ఆ మురుగే మన బిందెలో పడును. అతిసారము, టైఫాయిడ్, కామెర్లు ఇట్లు ఇంటింటికి వ్యాపించును. కుళాయి గొట్టమునకు నేరుగ మోటారు బిగించి నీటిని లాగువారు ఈ ప్రమాదమును ఇంకను పెంచుచున్నారు.

మేమొక గ్రామమున కుళాయి గొట్టము మురుగు కాలువలో మునిగి పోవుచుండుట చూచితిమి. దాని అతుకునకు సైకిలు ట్యూబు చుట్టియున్నది. “ఇది కట్టి ఎన్నాళ్లయినది?” అని అడుగగా, ఎదురింటి ముసలమ్మ, “మా మనవడు పుట్టినప్పుడు కట్టారు నాయనా, వాడిప్పుడు బడికి పోతున్నాడు” అని చెప్పినది. ట్యూబు ఒక పూటకు అక్కరకు వచ్చు కట్టే గాని, మరమ్మతు కాదు.

ఇక పనిలోనికి వత్తము. కట్టివేసినను కుళాయినుండి చుక్కలు పడుచున్నచో, తరచుగ దోషము లోపలి వాచరుదే. మొదట వాల్వు కట్టివేసి, కుళాయి తిప్పి, గొట్టములో మిగిలిన నీటిని పోనీయవలెను. పిదప కుళాయి తలకు గుడ్డ చుట్టి పానాతో విప్పిన, అడుగున బిళ్ళవంటి వాచరు కనబడును. అరిగినదానిని తీసి, అది కూర్చుండు చోట ఇసుక, తుప్పు లేకుండ తుడిచి, అదే కొలత వాచరు వేసి బిగింపవలెను. పాత వాచరును దుకాణమునకు తీసికొని పోయిన, కొలత తప్పదు. కారుచున్న కుళాయిని బలముకొలది బిగించుట వలదు. వాచరు మరింత నలుగును. పావు చుట్టుతో తెరచుకొను కొత్త కుళాయిలలో ఈ వాచరు ఉండదు. లోపలి భాగమునే మార్చవలెను. పిడిక్రింద నీరు ఊరుచున్నచో, అచ్చటి నట్టును కొద్దిగ బిగించి చూడవలెను.

మర అతుకువద్ద కారుచున్నచో, విప్పి తుడిచి, మర తిరుగు దిక్కుననే టెఫ్లాన్ టేపు చుట్టి బిగింపవలెను. పి.వి.సి. గొట్టము పగిలినచో, పగిలిన ముక్కను కోసి, రెండు కొనలను ఆరబెట్టి, సాల్వెంట్ సిమెంటు పూసి కప్లింగుతో కలుపవలెను. డబ్బామీద చెప్పిన కాలము గడచువరకు నీరు వదలరాదు. నల్లని హెచ్.డి.పి.ఇ. గొట్టమునకు ఈ సిమెంటు అంటదు. దానికి బిగింపు జాయింటే వాడవలెను. ఈ భేదము తెలియక పలువురు డబ్బును, శ్రమను పోగొట్టుకొనుచున్నారు.

కంటికి కనబడని కారుడును పట్టుకొనుటకు సులభమైన ఉపాయమున్నది. రాత్రి కుళాయిలన్నియు కట్టి, తొట్టిలోనికి నీరు వచ్చు దారియు మూసి, నీటి మట్టమునకు సుద్దముక్కతో గీత గీయుడు. ఉదయమునకు నీరు గీతకు దిగువనున్నచో, ఎచ్చటనో చిల్లున్నది.

తూము సంగతికి వచ్చిన, అన్నపు మెతుకులు, జిడ్డు, వెండ్రుకలే దానికి శత్రువులు. జాలీ పెట్టుట సగము వైద్యము. పూడినచో, సింకుక్రింద బాల్చీ ఉంచి, వంపు గొట్టమును విప్పి కడుగవలెను. ఆ వంపులో నిలుచు నీరే దుర్గంధమును, పురుగులను ఇంటిలోనికి రాకుండ ఆపును. వాడని తూములో అప్పుడప్పుడు చెంబెడు నీరు పోయవలెను. ఆసిడును, బ్లీచింగు పొడిని ఎన్నడును కలుపరాదు, విషవాయువు పుట్టును. సెప్టిక్ తొట్టి పూడినచో అందులోనికి ఎవరిని దింపరాదు. లోపలి వాయువు నిమిషములలో ప్రాణము తీయును. ప్రమాదకరమైన ఆ పనికి మనుషులను నియమించుటను 2013 నాటి చట్టము నిషేధించినది. యంత్రమునే పిలిపింపవలెను.

వాడిన నీరు వీధిలో నిలిచిన, బోదకాలు వ్యాపింపజేయు దోమలు అందులో పెరుగును. కావున పెరటిలో ఇంకుడు గుంత త్రవ్వి, రాళ్లతోను, ఇటుక ముక్కలతోను నింపుడు. త్రాగునీటి బావికిని, బోరునకును అది దూరముగ నుండవలెను. నల్లరేగడి నేలలో నీరు చక్కగ ఇంకదు. అట్టి చోట ఆ నీటిని అరటి మొక్కలకు మళ్లించుట మేలు.

సభ్యులారా! ఇంటి పని ఇంటివారిది. వీధి పని మనది. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ చేర్చిన పదునొకండవ షెడ్యూలులో త్రాగునీరు, పారిశుద్ధ్యము రెండును పంచాయతీల విషయములుగ పేర్కొనబడినవి. కావున పంచాయతీ కార్యాలయమున రెండు పానాలు, పైపు రెంచి, టేపు, వాచరులు గల పెట్టె నుంచుడు. కావలసినవారు వ్రాసి తీసికొని పోయి, తిరిగి ఇత్తురు. వాచరు మార్చుట వార్డుకు ఇరువురకు నేర్పుడు. అందొకరు స్త్రీ యగుట మేలు, కుళాయివద్ద మెలగునది ఆమెయే గదా! నెలకొకసారి, నీరు వదలిన వేళ, వీధి గొట్టముల వెంబడి నడచి చూడుడు. మురుగులో మునిగిన గొట్టమును మొట్టమొదట పైకి తీయింపుడు. మరమ్మతు తరువాత గొట్టమును కడిగించి, చివరి ఇంటి కుళాయిలో లీటరునకు కనీసము 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగులుచున్నదో లేదో పరీక్షింపుడు.

ఇందులో పెద్ద ఖర్చు లేదు. నడచి చూచు కాళ్లు, పానా పట్టు చేతులు కావలెను. నేడు ఇంటికి పోయిన వెంటనే మొదట మీ ఇంటి కుళాయినే పరీక్షింపుడు. సభ్యుని ఇంటి కుళాయి కారుచుండగా, అతని మాటను వీధిలో ఎవరు విందురు?